సెల్‌ఫోనులోని జమాతు – దాని మంచిచెడ్డలు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫు భూముల గురించి, కట్నాల గురించి పెద్దలు మాట్లాడటం మనకు అలవాటు. ఈసారి కార్యవర్గంవారు మన వాట్సాప్ గ్రూపు గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. ఈ సంగతి తెలిసి కొందరు మిత్రులు నవ్వారు. అది కూడా ఒక ఉపన్యాసానికి విషయమేనా అన్నారు. నిజమే, పైకి చూడటానికి చిన్న విషయం. అయితే ఒక్కసారి ఆలోచించండి. మన సొసైటీ ఈ హాలులో ఏడాదికి రెండుసార్లు సమావేశమవుతుంది. సెల్‌ఫోనులో మాత్రం రోజుకు వందసార్లు సమావేశమవుతున్నది. ఒకప్పుడు ఎవరైనా కాలం చేస్తే మసీదు మైకులో చెప్పేవారు. ఇప్పుడు జనాజా కబురు గ్రూపులో వస్తుంది. జకాత్ అడిగేవాళ్లు, పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు, హాస్టలు సీటు కావలసినవాళ్లు, అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లు అందరూ అక్కడికే వస్తున్నారు. అందుచేత సొసైటీ ఎక్కడుందీ అని ఎవరైనా అడిగితే, ఆఫీసు గది తాళంచెవి చూపించి ఇక్కడుంది అనడం ఇక కుదరదు.

హాలులో కూర్చున్నప్పుడు మన నాలుకకు కొన్ని కట్టుబాట్లు వాటంతటవే వస్తాయి. ఎదుట చాచా కూర్చుని వుంటాడు, గొంతు తగ్గిస్తాం. మాట అన్న తర్వాత అవతలివాడి ముఖం వాడిపోతే చూస్తాం, ఇంకొక మెత్తని మాట కలుపుతాం. అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తే కూర్చుంటాం. ఫోనులో ముఖం లేదు, గడియారం లేదు. రాత్రి పదకొండు గంటలకు పడుకుని వేలితో కొట్టిన మాట మూడు వందల ఇళ్లలోకి వెళుతుంది. ఆ మాట అన్నవాడు నిద్రపోతాడు. పడినవాడికి నిద్ర పట్టదు. మన పెద్దలు జమాతును నడిపిన పద్ధతులు ఫోనులోకి వాటంతటవే రావు. మనం తీసుకుపోవాలి.

గ్రూపు బాగుందా లేదా అని తెలుసుకోవడానికి చాలామంది ఎంతమంది సభ్యులున్నారు, రోజుకు ఎన్ని మెసేజీలు వస్తున్నాయి అని చూస్తారు. మా లెక్క వేరు. చెరువు కింద ఆయకట్టు చూసినవాళ్లకు ఇది సులువుగా బోధపడుతుంది. తూము దగ్గర పొలం ఉన్నవాడికి నీళ్ల బాధ ఎప్పుడూ లేదు. చివరి మడికి నీళ్లందాయా లేదా అన్నదే ప్రశ్న. అందుకే వెనుకటి ఊళ్లలో నీళ్లు పంచడానికి ఒక మనిషిని పెట్టుకునేవారు. తెలంగాణలో నీరటి అన్నారు, రాయలసీమలో కొన్నిచోట్ల నీరుగంటి అన్నారు. కర్నూలు జిల్లా పల్లెల్లో కాలువ నీటి పంపకాన్ని దగ్గరుండి పరిశీలించి రాబర్ట్ వేడ్ అనే పండితుడు 1988లో ఒక పుస్తకం ప్రకటించాడు. కాలువ మొదట్లో వున్న ఊళ్లకు ఇటువంటి ఏర్పాటు అంతగా అక్కర పడలేదట. కాలువ చివర, నీళ్లు కరువైన ఊళ్లే ముందుకు వచ్చి, ఊరి ఉమ్మడి డబ్బుతో నీళ్లు పెట్టే మనుషులను, పొలం కాపలాదారులను పెట్టుకున్నాయి. ఎక్కడ కొరత వుందో అక్కడే కట్టుబాటు పుట్టింది.

మన గ్రూపులో కొరత దేనికి? మాటలకు కాదు. చూసే కళ్లకు, వినే ఓపికకు. మనిషికి రోజులో దొరికే ఆ కాస్త ధ్యాస కాలువలో నీళ్లవంటిది. గట్టిగా మాట్లాడేవాళ్లు పదిమంది తూము దగ్గర కూర్చుని అంతా వాడేసుకుంటే, చివరి మడిలో వున్నవాళ్లకు ఏమీ మిగలదు. ఆ చివరి మడిలో వున్నది ఎవరో కూడా మనకు తెలుసు. భర్త పోయి పెన్షను కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియని ఆడమనిషి. ఇంజనీరింగులో సీటు వచ్చి ఫీజు గడువు రేపటితో ముగిసే కుర్రవాడు. ఉర్దూ లిపి చదవడం రాని, తెలుగు మాత్రమే వచ్చిన కోస్తా సభ్యుడు. వీళ్లు గ్రూపులో నోరు తెరవగలుగుతున్నారా, తెరిస్తే ఎవరైనా వింటున్నారా అన్నదే గ్రూపు ఆరోగ్యానికి కొలబద్ద అని మేము భావిస్తాం.

మా ఎరుకలో ఒక పట్టణంలో ఈద్ రోజున కాన్పుకు వెళ్లిన ఒక అమ్మాయికి ఓ నెగటివ్ రక్తం కావలసి వచ్చింది. తమ్ముడు జమాతు గ్రూపులో రాశాడు. అప్పుడు ఉదయం పది గంటలు. ఈద్‌గా నుంచి జనం ఇళ్లకు చేరి ఫోన్లు తీసే సమయం. చంద్రుడు, మీనారు, గులాబీలు వున్న ఈద్ ముబారక్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఆ కబురు ఎక్కడికో కిందికి పోయింది. ఆ గ్రూపులోనే ఓ నెగటివ్ రక్తం కలవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు చూసింది అసర్ నమాజు తర్వాత. అల్‌హందులిల్లాహ్, ఈలోగా ఆసుపత్రివాళ్లే వేరే చోట నుంచి రక్తం తెప్పించారు. తల్లీబిడ్డా క్షేమం. ఆ బొమ్మలు పంపినవాళ్లలో ఒక్కరు కూడా చెడ్డవారు కారు. పండుగ పూట శుభాకాంక్షలు చెప్పడం తప్పా అని అడిగితే మేము తప్పని అనము. ఒకే కాలువలో అన్ని నీళ్లూ పారించడం మాత్రం తప్పు.

దీనికి ఉపాయం కష్టమైనది కాదు. నిర్వాహకులు మాత్రమే రాసే సదుపాయం వాట్సాప్‌లో 2018 నుంచి వుంది. జనాజా, రక్తం, స్కాలర్‌షిప్పు గడువులు, సర్వసభ్య సమావేశం – ఇవి మాత్రం వచ్చే గ్రూపు ఒకటి వుండాలి. అందులో మోగితే ఇంట్లో ప్రతివాళ్లూ తీసి చూడాలి. కబుర్లకు, శుభాకాంక్షలకు, వంటలకు, క్రికెట్టుకు వేరే గ్రూపు వుండవచ్చు. 2022లో ఒక్కొక్క గ్రూపులో 1024 మంది దాకా చేరే వీలు కల్పించారు. కల్పించారు గదా అని అంతమందినీ నింపాలన్న నియమం ఏమీ లేదు. ఐదు నిమిషాల వాయిస్ మెసేజీలు పెట్టే పెద్దలు కూడా దయచేసి మొదటి వాక్యంలోనే విషయం చెప్పాలని మా మనవి. సలాము, కుశలప్రశ్నలు, వాతావరణం దాటి అసలు సంగతికి వచ్చేసరికి వినేవాడు బస్సు దిగిపోతున్నాడు.

ఇక అన్నింటికంటె ప్రమాదకరమైన విషయానికి వస్తాం. అది ఫార్వర్డు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా పుకార్లు నడిచాయి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటన చేసుకునే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను జనం ఆ అనుమానంతో కొట్టారు, ఒకరు చనిపోయారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో మన హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు, మిత్రులతో కలిసి కారులో వెళ్లాడు. దారిలో ఒక పల్లెలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. వాళ్లు పిల్లల దొంగలన్న మాట, కారు కంటే వేగంగా ముందు ఊరి గ్రూపులోకి చేరిపోయింది. ముర్కి గ్రామం దగ్గర గుంపు వాళ్లను ఆపి కొట్టింది. ఆ యువకుడు అక్కడే ప్రాణాలు వదిలాడు, మిగిలినవారు గాయాలతో బయటపడ్డారు. ఆ గ్రూపు నడిపిన వ్యక్తిని కూడా పోలీసులు అరెస్టు చేశారు. ఇది జరిగిన వారం లోపలే, ఇండియాలో ఒక మెసేజిని ఒక్కసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేస్తామని వాట్సాప్ కంపెనీ ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారిన మెసేజిని ఒక్క చోటికి మాత్రమే పంపగలిగేలా మార్చారు. దానివల్ల అటువంటి మెసేజీలు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకున్నది. రెండు బాణాల గుర్తు వున్న మెసేజీ మీరు చూసే వుంటారు. అది చాలా చేతులు మారి వచ్చిందని దాని అర్థం. చాలామంది ఆ గుర్తును చూసి ఇది బాగా ప్రచారంలో వున్న నిజం అనుకుంటున్నారు. అది హెచ్చరిక గుర్తు.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఇంకొక మార్గం చూశాం. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, పోలీసులను ఊరూరికీ పంపి ప్రజలతో మాట్లాడించారు. దప్పు కళాకారుల చేత, పాటగాళ్ల చేత పుకార్ల మీద పాటలు కట్టించి పాడించారు. గ్రూపుల్లో ఏం తిరుగుతున్నదో పోలీసులు గమనిస్తూ, అబద్ధమైతే అది అబద్ధమని వెంటనే చెప్పేవారు. ఫోనులో పుట్టిన రోగానికి మందు ఊరి చావడిలో దొరికిందన్నమాట. నమ్మకమున్న మనిషి వచ్చి ముఖాముఖీ చెప్పిన మాటకు ఇప్పటికీ బలం వుంది.

మనకు మాత్రం ఈ విషయంలో పోలీసులు వచ్చి నేర్పేదాకా ఆగవలసిన పని లేదు. వినికిడి మాటను ఎలా పరీక్షించాలో లోకానికి పద్ధతిగా చూపించినవాళ్లలో మన పూర్వికులున్నారు. హదీసు పండితులు ఒక మాట దొరకగానే అది ఎంత అందంగా వుందని చూడలేదు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు, ఆ ఇద్దరూ నిజంగా ఒకే కాలంలో వున్నారా, కలుసుకున్నారా, ఆయన జ్ఞాపకశక్తి ఎటువంటిది, వ్యవహారంలో నిజాయితీ వున్నవాడా – ఇవన్నీ చూశారు. ఆ గొలుసునే ఇస్నాద్ అన్నారు. చెప్పినవాళ్ల జీవితాలను పరిశీలించడానికి అస్మా ఉర్ రిజాల్ అని ఒక శాస్త్రాన్నే నిర్మించారు. ఇమామ్ బుఖారీగారు లక్షల రివాయతులను జల్లెడపట్టి కొన్ని వేలు మాత్రమే తమ గ్రంథంలోకి తీసుకున్నారు. అటువంటి వారసత్వం కల మనం, కింద పేరు లేని, తేదీ లేని, ఊరు లేని వీడియోను కళ్లు మూసుకుని పది గ్రూపులకు పంపడం ఏమి న్యాయం? సూరా అల్ హుజురాత్‌లో ఈ విషయం మీద స్పష్టమైన ఆదేశమే వుంది. ఎవరైనా కబురు తెస్తే విచారించాలి. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత విచారించవలసిన స్థితి తెచ్చుకోకూడదని దాని సారాంశం. ఆ సూరాలో పద్దెనిమిదే ఆయతులు. ఎగతాళి, ఎత్తిపొడుపు పేర్లు, అనుమానాలు, గూఢచర్యం, చాటుమాటు నిందలు అన్నీ వాటిలో వచ్చాయి. గ్రూపుకు నియమావళి రాయాలని కూర్చుంటే మేము వేరే పుస్తకం వెతకవలసిన అవసరం కనబడలేదు.

ఈ కాలంలో కూడా మంచి ఉదాహరణ లేకపోలేదు. తెలుగు వికీపీడియాను చూడండి. 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని రాసేవాళ్లు జీతాలు లేనివాళ్లు, ఒకరికొకరు చాలావరకు ముఖపరిచయం లేనివాళ్లు. వాళ్లు చర్చించుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ ఎవరైనా ఏదైనా రాస్తే ఆధారం చూపమంటారు. ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో నిలిచి వుంటుంది. అవతలివాడు సదుద్దేశంతోనే రాశాడని ముందు అనుకోవాలి, రాతను విమర్శించాలి గాని మనిషిని తిట్టకూడదని నియమం. వాదాలు అక్కడా వస్తాయి. నియమం వుంది గనుక వాదం వచ్చినా పని ఆగదు.

పుకారు వల్ల ఎక్కువ నష్టపోయినవాళ్లం మనమే కాబట్టి మనమే ఎక్కువ జాగ్రత్తగా వుండాలి. 2020 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తు చేసుకోండి. నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటికి వచ్చాక పాత వీడియోలకు కొత్త పేర్లు పెట్టి, ముసల్మానులు కావాలని రోగం అంటిస్తున్నారని ఎంత ప్రచారం జరిగిందో! పండ్ల బండి నడుపుకునే మనవాళ్లను కొన్ని వీధుల్లోకి రానివ్వలేదు. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీ సభ్యుల మీద కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు మంచిదే. పోయిన బేరాలు తీర్పుతో తిరిగి రావు. అయితే ఇంకొక సగం కూడా చెప్పాలి. అదే ఏప్రిల్ మొదట్లో ఇండోరులో మన పేటలోనే, పరీక్షలకు వచ్చిన ఆరోగ్య సిబ్బంది మీద రాళ్లు పడ్డాయి. మనవాళ్ల ఫోన్లలో కూడా ఆ రోజుల్లో భయం పెట్టే మాటలు తిరిగాయి. మన మీద వచ్చిన అబద్ధానికి బాధపడి, మనకు అనుకూలంగా వచ్చిన అబద్ధాన్ని ముద్దుపెట్టుకుంటే న్యాయం ఎక్కడిది?

నిందల సంగతి వచ్చింది గనుక మదీనాలో జరిగిన ఒక ఉదంతాన్ని జ్ఞాపకం చేస్తాం. హజ్రత్ ఆయిషా (రజి) గారి మీద కపటులు నింద పుట్టించారు. ఆమె ప్రయాణంలో పోయిన హారం వెతుక్కుంటూ వెనుక మిగిలిపోవడమే దానికి సాకు. అప్పుడు ఫోను లేదు, టెలిగ్రాము లేదు, అయినా నింద ఊరంతా పాకింది. సుమారు నెల రోజులు దైవప్రవక్త (స) కుటుంబం ఆ బాధ అనుభవించింది. తర్వాత సూరా నూర్‌లో ఆమె నిర్దోషిత్వం వెల్లడైంది. ఆ మాట చెవిన పడగానే విశ్వాసులు తమవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదు అన్న మందలింపు కూడా వచ్చింది. కథ అక్కడితో అయిపోలేదు. మన సొసైటీవంటి సంస్థకు ముఖ్యమైన భాగం ఆ తర్వాత వుంది. ఆ నిందను పలికినవాళ్లలో మిస్తహ్ అనే పేద బంధువు ఒకడు. అతన్ని పోషిస్తున్నది ఆమె తండ్రి హజ్రత్ అబూబక్ర్ (రజి) గారే. కన్నకూతురి మీద నింద వేసినవాడికి ఇక సహాయం చేయనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. లోకంలో ఎవరైనా అదే చేస్తారు. దానికి కూడా ఆయతు దిగింది – క్షమించాలని, సహాయం ఆపవద్దని. ఆయన తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు.

సోదరులారా, ఇందులో నుంచి మేము ఒక కచ్చితమైన నియమం తీస్తున్నాం. గ్రూపులో ఎవరు ఎంత పోట్లాడినా, చివరికి గ్రూపులోనుంచి తీసివేయబడినా, వాళ్ల ఇంటికి అందే ఫీజు సాయం, రేషను కిట్టు, మందుల ఖర్చు ఒక్క రూపాయి తగ్గకూడదు. ఇచ్చే చెయ్యి వేరు, గ్రూపు నడిపే చెయ్యి వేరు. ఈ రెండూ కలిస్తే సాయం తీసుకునేవాళ్లెవరూ కార్యవర్గాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేరు.

ఫొటోల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థమే లేదు. ఒక ఊళ్లో రంజాన్ కిట్లు పంచి, యథాప్రకారం ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. దాత చేతిలో సంచి, తీసుకునే అమ్మ తల దించుకుని వుంది. గ్రూపులో ఒక సభ్యుడి కొడుకు, ఆమె కూతురు ఒకే బడిలో తొమ్మిదో తరగతి. తండ్రి ఫోనులో చూసిన ఫొటో గురించి ఆ పిల్లవాడు తరగతిలో అందరి ముందూ అడిగాడు. పిల్లవాడికి ఏం తెలుసు? ఆ అమ్మాయి రెండు రోజులు బడికి పోలేదు. మరుసటి ఏడు కిట్టు తీసుకోవడానికి ఆ తల్లి రాలేదు. ఎందుకు రాలేదని కార్యకర్త ఇంటికి వెళ్లి అడిగితే, “బియ్యం వద్దు భాయ్, మా పిల్ల బడికి పోవాలి” అన్నదట. సూరా బఖరాలో రహస్యంగా పేదలకు ఇవ్వడం మేలని వున్న సంగతి ఈ సభలో అందరికీ తెలుసు. దాతలకు లెక్క చూపాలి గదా అంటారు. సంచుల ఫొటో తీయండి, బిల్లుల ఫొటో తీయండి, ఎన్ని ఇళ్లకు ఇచ్చామో అంకె రాయండి. మనుషుల ముఖాలు వద్దు. ఈ ఒక్కటి మాత్రం మేము సలహాగా చెప్పడం లేదు, గట్టిగా అడుగుతున్నాం.

సాయం కోరుతూ వచ్చే మెసేజీల విషయంలో కూడా కఠినంగా వుండాలి. ఆసుపత్రి మంచం మీద పసిబిడ్డ ఫొటో, కింద ఫోను నంబరు, క్యూఆర్ కోడు – రంజాన్ వచ్చిందంటే ఇవి గుంపులుగా వస్తాయి. వాటిలో నిజమైనవి వున్నాయి, ఏళ్లక్రితం నాటివి వున్నాయి, దొంగవి వున్నాయి. ఏదైనా సరే ముందు కార్యదర్శి దగ్గరకు రావాలి. ఆసుపత్రికి ఫోను చేసి, పేషెంటు పేరు సరిచూసి, వీలైనంతవరకు డబ్బు ఆసుపత్రి ఖాతాలోనే పడేట్టు చూసి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టాలి. దీనికి అరపూట ఆలస్యమవుతుంది. దొంగకు ఒకసారి ఇచ్చి మోసపోయినవాడు తర్వాత నిజమైన బిడ్డకు కూడా ఇవ్వడు. ఆలస్యం కంటే అది పెద్ద నష్టం.

మసాయిల్ గురించి నాలుగు మాటలు. తరావీహ్ ఎనిమిది రకాతులా ఇరవై రకాతులా, మీలాద్ జరపాలా వద్దా, ఫలానా దర్గాకు పోవచ్చా కూడదా – శతాబ్దాలుగా మహా పండితులు చర్చించినవాటిని మన గ్రూపు మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్యలో తేల్చేయాలని చూస్తుంది. నెలవంక రాత్రి అయితే చెప్పనక్కరలేదు. కమిటీ ప్రకటన వచ్చేలోపల మన సభ్యులు ముగ్గురు చంద్రుణ్ణి చూస్తారు, నలుగురు చూడలేదంటారు, ఒకరు సౌదీ నుంచి ఫొటో పంపుతారు. (సరదాగా అన్నాం, ఎవరూ మనసులో పెట్టుకోవద్దు.) సొసైటీ స్థాపించినది చదువుకూ, వైద్యానికీ, కష్టసుఖాలకూ. అన్ని మస్లకులవాళ్లూ చందా కడుతున్నారు. మసలా వున్నవారు తాము నమ్మిన ఆలిమ్ దగ్గరకు పోయి అడగాలి. ఎన్నికల సమయంలో పార్టీల ప్రచారానికీ ఇదే జవాబు.

అయితే గొడవ వద్దు అనే పేరుతో ప్రశ్నలనే నొక్కేయడం కూడా జరుగుతుంది. దీన్ని మేము ఒప్పుకోము. ఖబరస్తాన్ ప్రహరీగోడకు ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని ఒక సభ్యుడు అడిగితే అది ఫిత్నా కాదు, అతని హక్కు. దానికి జవాబు లెక్కల కాగితం. ఫలానా ఆయన డబ్బు తిన్నాడు అని ఆధారం లేకుండా రాస్తే అది నింద. మొదటిదాన్ని గ్రూపులో వుంచాలి, రెండోదాన్ని తీయాలి. ఈ రెంటికీ తేడా తెలియని నిర్వాహకుడు, తనను ప్రశ్నించిన ప్రతివాడినీ బయటికి పంపి, చివరికి పొగడ్తల గ్రూపు ఒకటి మిగుల్చుకుంటాడు.

నిర్వాహకుడు, అంటే అడ్మిన్. ఈ పదవికి మనవాళ్లలో ఒక మోజు, ఒక భయం రెండూ వున్నాయి. భయం సంగతి ముందు చెబుతాం. గ్రూపులో ఎవరో రాసినదానికి అడ్మిన్ జైలుకు పోతాడని చాలామంది అనుకుంటారు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు, ఇతరులు పెట్టిన మెసేజీకి అడ్మిన్ కేవలం అడ్మిన్ అయినందువల్లనే నేరస్తుడు కాడని తీర్పులిచ్చాయి. ఉద్దేశపూర్వకంగా చేతులు కలిపితే అది వేరే సంగతి. కాబట్టి మంచివాళ్లు భయపడి తప్పుకోనక్కరలేదు. మోజు వున్నవాళ్లకు చెప్పేదేమంటే, నీరటికి ఊళ్లో పెత్తనం వుండదు, పార వుంటుంది. వర్షంలో, రాత్రిపూట గట్లమీద తిరగాలి.

శిక్ష విషయంలో కూడా క్రమం వుండాలి. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పండితురాలు, ఉమ్మడి బీళ్లు, కాలువలు, అడవులు ప్రజలే ఎలా కాపాడుకున్నారో జీవితమంతా పరిశీలించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందింది. ఎక్కువకాలం నిలిచిన ఊళ్లలో తప్పు చేసినవాడికి మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే ఇంకొంచెం పెద్దదీ వేసేవారని, తగాదా తీర్చుకోవడానికి దగ్గరలోనే ఖర్చులేని చోటు వుండేదని ఆమె రాసింది. మనమూ అంతే. మొదట విడిగా ఫోను చేసి మంచిగా చెప్పాలి, అందరిముందూ కాదు. వినకపోతే మెసేజీ తీసివేసి ఎందుకు తీశామో ఆయనకే చెప్పాలి. అప్పటికీ కాకపోతే పదిహేను రోజులు బయట వుంచి, తర్వాత మర్యాదగా వెనక్కు పిలవాలి. అన్యాయం జరిగిందని ఆయన అనుకుంటే చెప్పుకోవడానికి ముగ్గురు పెద్దలుండాలి. ఆ ముగ్గురిలో కార్యవర్గంవాళ్లు వుండకూడదు.

చివరగా మా అక్కచెల్లెళ్ల విషయం. చాలా గ్రూపుల్లో సభ్యుల పట్టీ చూస్తే ఆడవాళ్ల నంబర్లుంటాయి, మాటలుండవు. కారణం అందరికీ తెలుసు. గ్రూపులో నంబరు చూసి ముక్కూముఖం తెలియనివాళ్లు ఫోన్లు చేస్తారు. వాట్సాప్ 2022 చివరలో కమ్యూనిటీ అనే ఏర్పాటు తెచ్చింది. దాని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు నిర్వాహకులకు తప్ప ముక్కూముఖం తెలియని సభ్యులకు కనబడవు. మన ప్రకటనల గ్రూపు ఆ పద్ధతిలో వుండాలని కార్యవర్గాన్ని కోరాం, ఒప్పుకున్నారు. ఆడవాళ్లకు విడిగా ఒక గ్రూపు, దానికి ఆడవాళ్లే నిర్వాహకులు. పెన్షను, తలాక్, వైద్యం వంటి విషయాలు అక్కడి నుంచి నేరుగా కార్యదర్శికి చేరాలి. ప్రకటనల గ్రూపుకు నిర్వాహకులు ముగ్గురు కావాలి. వారిలో ఒక సోదరి తప్పనిసరిగా వుండాలి. ఒకరు ముప్పై ఏళ్ల లోపువారైతే ఫోను మీద చెయ్యి తిరిగి వుంటుంది. ఏడాదికొకసారి మారాలి.

బయట చందా బల్ల పక్కన ఒక పుస్తకం పెట్టారు. నిర్వాహకులుగా పనిచేయడానికి ఇష్టమున్నవారు అందులో పేరు రాయాలి. రోజుకు అరగంట వెచ్చించగలిగినవారే రాయండి. రక్తం గ్రూపు రాసే పట్టీ కూడా అక్కడే వుంది. ఇంట్లోవాళ్లందరివీ రాయించండి, ముఖ్యంగా నెగటివ్ గ్రూపులవాళ్లు. పిల్లల బహుమతి ప్రదానానికి ఇప్పటికే ఆలస్యమైంది.